రైతు ప్రతినిధి ఆచార్య రంగా

కచేరీలకు పోవుచు వచ్చుచు నిత్యము మనము చూచు వలయాకారపు పార్లమెంటు భవనము 1927 జనవరిలో ప్రారంభింపబడినది. 2023 సెప్టెంబరునుండి దానిని సంవిధాన సదనమని వ్యవహరించుచున్నారు. ఆంగ్లేయుల నాటి కేంద్ర శాసనసభలోను, పిదప రాజ్యాంగ నిర్ణయసభలోను, రాజ్యసభలోను, లోక్‌సభలోను కూడ సభ్యులై ఆ కప్పుక్రింద కూర్చుండిన తెలుగువారొకరు కలరు. వారే ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. 1930వ దశకమున తొలిసారి అడుగిడిన ఆయన 1991లో శాశ్వతముగా సెలవు తీసికొనిరి. నడుమ కొన్ని విరామములున్నను, ఇంత దీర్ఘమైన శాసనసభా జీవితము మనదేశమున మిక్కిలి అరుదు.

1900 నవంబరు 7వ తేదీన నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబమున వారు జన్మించిరి. గుంటూరులో చదువు ముగించి ఆక్స్‌ఫర్డునకు పోయి 1926లో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టము పొందిరి. సీమకు పోయిన ఆనాటి యువకులనేకులు ఐ.సి.యస్. పరీక్షపై కన్నువేసియుండగా, ఈయన డెల్టా గ్రామముల ఆర్థిక నిర్మాణమును గూర్చి గ్రంథము వ్రాయుచు కూర్చుండుట గమనింపదగిన విషయము. తిరిగివచ్చి చెన్నపట్నమున పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. ఆ ఉద్యోగమును ఎంతోకాలము చేయకున్నను, ఆచార్యపదము మాత్రము జీవితాంతము వారి పేరును వీడలేదు.

ఆ కాలమున కృష్ణా గోదావరీ మండలములలో భూమిశిస్తును రూపాయికి మూడణాల వంతున పెంచుటకు ప్రభుత్వము పూనుకొనెను. ఇంతలో 1929నాటి ప్రపంచ ఆర్థిక మాంద్యము వచ్చిపడి ధాన్యము ధర కూలిపోయెను. పండిన పంట శిస్తుకే చాలని స్థితిలో రైతు ఊరక కూర్చుండునా? ఆందోళన రేగెను. జమీందారీ ప్రాంతములలో నేరుగా సర్కారుకు మొరపెట్టుకొను దారియైనను లేదు. రంగాగారు ఊరూర తిరిగి రైతుసంఘములను నిలిపిరి. 1933లో స్వగ్రామముననే రైతాంగ విద్యాలయమును స్థాపించి, ఉద్యమమునకు పనివారిని తయారుచేసిరి. పొలముగట్టుమీది మనిషికి శిస్తులెక్కయు, రాజకీయమును బోధించు బడి అది. ఆ రోజులలో ప్రపంచమంతట ఇట్టి గాలియే వీచుచుండెను. బల్గేరియాలో రైతుపక్ష నాయకుడు స్తాంబొలిస్కీ 1919లోనే ప్రధానమంత్రియయ్యెను. తుర్కీ మహాసభకు 1935లో తొలిసారిగా ఎన్నికైన స్త్రీలలో అంకారా సమీప గ్రామమున సేద్యము చేసికొను సతీ చిర్పాన్ ఒకతె.

1936 ఏప్రిలులో లక్నోలో అఖిలభారత కిసాన్ సభ వెలసినపుడు బీహారునకు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులుగను, రంగాగారు ప్రధాన కార్యదర్శిగను ఎన్నుకొనబడిరి. ఆ సంవత్సరాంతమున ఫైజ్‌పూరులో జరిగిన రెండవ మహాసభకు రంగాగారే అధ్యక్షత వహించిరి. మన ప్రాంతమున రైతు రక్షణయాత్ర ఇచ్ఛాపురమున బయలుదేరి, తొమ్మిది జిల్లాలగుండ, 130 దినములలో 1,500 మైళ్లకు పైగా నడచి, 1938 మార్చిలో చెన్నపట్నము చేరెను. దారి పొడవున గ్రామస్థులిచ్చిన అర్జీలు 1,100కు పైబడెను. అర్జీలతోనే జీవితము గడపు మాబోటివారికి ఆ సంఖ్య విలువ తెలియును. వానిని మూటగట్టి శాసనసభకు సమర్పించిరి. ఆ ఏడాదియే ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన గల సంఘము జమీందారీలపై నివేదిక నిచ్చెను. ఆ జమీందారీలు 1948నాటి మద్రాసు చట్టముతో అంతరించినవి.

జమీందారు పోయెను గదా, ఇక భూమి ఎవరిది? దున్ను రైతుదే, మరొకరిది కాదు అని రంగాగారి నిశ్చయము. ఇందుకే వారు సామ్యవాదులతో విడిపోయిరి. ఇందుకే, నాగపూరు తీర్మానము వచ్చినపుడు, కాంగ్రెసునుండియు వైదొలగిరి. దీనికి ముందు 1951లోనే ఒకసారి ఆ సంస్థను వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించి, 1955నాటి ఆంధ్ర ఎన్నికలవేళ మరల చేయికలిపిన చరిత్ర వారికి గలదు. 1957లో తెనాలినుండి లోక్‌సభకు వచ్చి కాంగ్రెసు పార్లమెంటరీ పక్ష కార్యదర్శిగా ఉండిరి.

1959 జనవరిలో నాగపూరున జరిగిన తీర్మానము ప్రకారము రైతులు తమ భూములను ఒకచో కలిపి ఉమ్మడిగా సాగుచేయవలెను. యాజమాన్యపు హక్కు వారిదే, భూమినిబట్టి ఫలములో వంతు వచ్చును. చదువుటకిది సౌమ్యముగనే యుండును. కాని గట్టు చెరిగిన పిమ్మట కాగితముమీది హక్కు రైతుకు దేనికి పనికివచ్చునని రంగాగారి శంక. సోవియట్ దేశమున 1929 పిదప ఉమ్మడి క్షేత్రములపేర రైతులు పడిన యాతన వారి కన్నులయెదుట నుండెను. నెహ్రూగారి ప్రాబల్యము పరాకాష్ఠనందుకొనిన ఆ దినములలో, అధికారపక్షమున చేతనున్న పదవిని విడిచి బయటకు వచ్చుట సామాన్యమైన సాహసము కాదు. జూన్‌లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని ప్రకటించి, దానికి అధ్యక్షులైరి.

ఇచట ఒక చిత్రము చెప్పక తప్పదు. జమీందారులపై యావజ్జీవము పోరాడిన రంగాగారి పార్టీలోనే జయపుర మహారాణి గాయత్రీదేవి మొదలగు రాజవంశీయులును, బొంబాయి వర్తక ప్రముఖుల మిత్రులును చేరిరి. ఈ పొత్తు వారి మనసునకు ఎట్లు సరిపడెనో నాకు బోధపడదు. అట్లే భూమి లేని కూలీ ప్రశ్న. వారి సంఘములలో కూలీలకు చోటుండినను, ఆయన ఆలోచనకు కేంద్రము కొద్దిపాటి పొలముగల కాపు కుటుంబమే గాని పాలేరు కాదని నా అభిప్రాయము.

1962లో తెనాలిలో ఓటమి కలిగెను. ఆ సంవత్సరమే చిత్తూరు ఉపయెన్నికలో గెలిచి వచ్చిరి. 1964లో పదునేడవ రాజ్యాంగ సవరణము రైత్వారీ భూములనుగూడ ఎస్టేటు అను మాట నిర్వచనములో చేర్చినపుడు స్వతంత్ర పార్టీ తీవ్రముగ ప్రతిఘటించెను. స్వయముగ సాగుచేసికొను, పరిమితికి లోబడిన భూమిని మార్కెటు ధర చెల్లింపక తీసికొనరాదను నిబంధన ఆ సవరణములోనే యున్నది. భూసేకరణపు ఫైళ్లు చూచువారికి ఆ వాక్యము బరువు తెలియును. 1967లో పార్టీ 44 స్థానములతో ప్రతిపక్షములలో అగ్రస్థానము నందుకొనెను; రంగాగారు శ్రీకాకుళమునుండి గెలిచిరి. 1971లో అంతయు తారుమారయ్యెను.

పిదప వారు కాంగ్రెసునకే తిరిగివచ్చిరి. ఇది అవకాశవాదమని అనినవారుండిరి. అప్పటికి ఉమ్మడి సేద్యపు మాట ఎత్తువారే లేరయిరని మనము మరువరాదు. 1977లో రాజ్యసభకు, 1980, 1984, 1989లలో గుంటూరునుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1984లో రాష్ట్రమంతట తెలుగుదేశపు వెల్లువ పారుచుండగా ఎనుబదినాలుగేండ్ల వృద్ధు నెగ్గుట విశేషమే. 1991లో పద్మవిభూషణ బిరుదము లభించెను. 1995 జూన్ 9న వారు దివంగతులైరి. మరుసటి సంవత్సరము వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి. గుంటూరు సమీపమున లాంలో దాని ప్రధాన కార్యస్థానము కలదు.

సెలవులకు ఢిల్లీనుండి బెజవాడమీదుగా చెన్నపట్నము వైపు పోవు మనవారు తెనాలి దాటిన పిమ్మట ఒకసారి కిటికీలోనుండి చూడవలెను. బాపట్ల రాకముందే నిడుబ్రోలు స్టేషను వచ్చును. దూరపు బండ్లు పెక్కు అచట ఆగవు. పేరు చదువునంతలో పలక వెనుకకు పోయి, మరల వరిచేలు కనబడును.