ముక్కలు కోసి పుస్తకం చేయించిన డాక్టర్

జాన్ ఫోర్బ్స్ వాట్సన్. మగ్గం గుంతల కూసునేటోళ్లకు ఈ పేరు తెల్వకపోవచ్చు గని, డిజైన్ చరిత్ర సదివేటోళ్లకు బాగ ఎరుకే. 1827ల స్కాట్లాండ్‌ల పుట్టిండు. వైద్యం సదివి, 1850ల బొంబాయి సైన్యంల డాక్టర్‌గ వచ్చిండు. తర్వాత లండన్ పోయి, ఇండియా మ్యూజియంకు పెద్ద అయిండు. మన దేశపు సరుకుల మీద సర్కారుకు నివేదికలు రాసుడు ఆయన కొలువు.

1866ల ఆయన చేసింది చూడుర్రి. మ్యూజియంల ఉన్న మన బట్టలను కత్తిరించి, 700 నమూనాలతోని 18 సంపుటాలు చేయించిండు. అసొంటివి 20 సెట్లు! ఒక్కో ముక్క పక్కన పొడుగు, పన్నా, బరువు, ధర, కొన్న ఊరు. ఎందుకంటే మనోళ్లు ఎక్కువ కట్టేది కుట్టని బట్ట. చీరకు కొంగు, పంచెకు అంచు జర అటిటైనా ఎవలు కొంటరు? ఆ కిటుకు బ్రిటన్ మిల్లులోళ్లకు చెప్పనీకే ఈ పుస్తకం. మద్రాసు ఇలాఖ బట్టలు సుత అండ్ల ఉన్నయి. నేసినోళ్ల పేర్లే లెవ్వు.

పనితనం తెల్వనోడు కాదు. ఢాకా మస్లిన్‌ను యూరప్ మస్లిన్‌తోని పోల్చి కొలిచి, ఢాకాదే సన్నమని ఒప్పుకున్నడు. అయితే లాభం మస్లిన్‌ల లేదని, పేదోళ్లు రోజూ కట్టే బట్టల్నే ఉన్నదని మిల్లులోళ్లకు చెప్పిందీ ఆయనే. మన నేతన్నకు బువ్వ పెట్టేది సుత గా బట్టలే గదా!

13 సెట్లు బ్రిటన్‌లనే ఉంచిండ్రు, 7 మన దేశానికి పంపిండ్రు. వాట్సన్ 1892ల పోయిండు. ఒక సెట్టు ఇంగ్లాండ్‌ల నూలు మిల్లుల ఊరు ప్రెస్టన్‌ల, హారిస్ మ్యూజియంల ఇప్పటికీ ఉన్నది.