కూలి ఇచ్చాడు, బాప్తిస్మం ఇవ్వలేదు

ఈ సంచికకి ఒక మనిషి జీవితం గురించి రాస్తున్నాను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వైపు ఫ్రెండ్స్ ఉంటే క్లౌ దొర అనే పేరు విని ఉంటారు. మాది చిలమత్తూరు, అంటే అనంతపురం సీమ. ఒంగోలుకి మాకు చాలా దూరం. అయినా ఆయన కథ నాకు దగ్గరగా అనిపించడానికి కారణం కరువు.

చెనక్కాయ వేసి మబ్బుల కోసం చూడటం, బోరు ఎండితే బెంగళూరు బస్సెక్కడం మా వైపు మామూలే. కానీ 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు ముందు ఇవన్నీ చిన్నవే. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దానికా పేరు. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు, మా ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో ఉండేది. దక్షిణ, పశ్చిమ భారతాల్లో కలిపి 50 లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. అది సీమతో ఆగలేదు, నెల్లూరు, ఒంగోలు వైపూ అంతే దారుణంగా ఉంది. క్లౌ నిజాయితీకి పెద్ద పరీక్ష వచ్చింది ఆ కరువులోనే.

ఆయన 1836లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్న వయసులోనే మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వే బృందంలో పనిచేశాడు. అంటే మన సివిల్ వాళ్ళకి సీనియర్ అన్నమాట! లాయర్ అవ్వాలని ఉండేది కానీ చదువుకునే రోజుల్లో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చి మిషనరీ అయ్యాడు.

అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ మూసేసే స్థితిలో ఉంది. 1836లో మొదలైనా ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు చాలా తక్కువ. నెల్లూరులో పనిచేసిన లైమన్ జ్యువెట్ 1862లో జబ్బుతో అమెరికా వెళ్ళాడు. అక్కడ పెద్దలు మిషన్ ఆపేద్దామంటే, మీరు పంపినా పంపకపోయినా నేను మాత్రం తెలుగువాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్తానని పట్టుబట్టాడు. చివరికి ఆయనకి తోడుగా క్లౌని పంపారు. 1865లో మద్రాసులో దిగాడు. 1866లో భార్య హారియెట్‌తో ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఆ రోజుల్లోనే తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి విశ్వాసంలోకి వచ్చాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు, అంతకుముందు యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. 1867 జనవరిలో ఆ ఊరి దగ్గర చింతతోపులో సమావేశం పెడితే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడ క్లౌకి మొదటి పరీక్ష ఎదురైంది. ఒంగోలులో అగ్రకులాల వాళ్ళు కొందరు ఆయన మీద గౌరవంతో స్కూలుకి పిల్లల్ని పంపుతున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం మేము ఉండం అని చెప్పేశారు. పలుకుబడి ఉన్నవాళ్ళతో మొదలుపెడితే పని సులువని ఎవరికైనా అనిపిస్తుంది. క్లౌ దంపతులు ఏం చేయాలో తెలియక వేర్వేరు గదుల్లో ప్రార్థన చేసుకున్నారట. ఇద్దరూ బైబిల్లో ఒకే చోటు తెరిచారట. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఈ సంగతి క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. తలుపు మాదిగలకి తెరిచే ఉంచాడు. అగ్రకులాల పిల్లలు స్కూలు మానేశారు.

మాట నిలబెట్టుకోవడం అనేది దొర ఒక్కడి సంగతి కాదు. కొత్తగా చేరిన మాదిగలు మూడు విషయాలకి ఒప్పుకోవాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి సింపుల్‌గా ఉన్నా, ఊరి పెత్తందార్లు పిలిచినప్పుడల్లా వెట్టికి వెళ్ళాల్సిన మనిషి ఆదివారం రాను అంటే ఏమవుతుందో ఆలోచించండి. దెబ్బలు, దొంగ కేసులు, బావి దగ్గరికి రానివ్వకపోవడం. అయినా చాలామంది ఒప్పుకున్న దానికి కట్టుబడ్డారు.

ఇంతలో ధాత కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా మద్రాసుని బెజవాడ వైపు కలిపే కాలువ తవ్విస్తోంది. మద్రాసు గవర్నర్ పేరు మీద దాన్ని బకింగ్‌హాం కాలువ అంటున్నాం. క్లౌ అందులో సుమారు మూడు మైళ్ళ ముక్కని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఎప్పుడో నేర్చుకున్న సర్వే పని ఇప్పుడు పనికొచ్చింది. తన ప్రచారకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. తెలిసిన మనుషులే పని చేయించడంతో కూలీలకి ధైర్యం వచ్చింది. వేలమంది వచ్చి పని చేసుకుని బతికారు, వాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువ. పని మధ్యలో ఆగినప్పుడు ప్రచారకులు వాళ్ళ మధ్య కూర్చుని యేసు గురించి చెప్పేవాళ్ళు. మాకూ బాప్తిస్మం ఇవ్వండి అని వందలమంది అడిగారు.

క్లౌ ఇవ్వనన్నాడు. చేతిలో కరువు డబ్బు ఉన్నంతకాలం ఎవ్వరికీ ఇచ్చేది లేదన్నాడు. ఏడాదికి పైగా ఒక్క బాప్తిస్మం కూడా జరగలేదు.

ఎందుకంటే, బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. మనిషి తనంతట తాను నమ్మి, అడిగి తీసుకోవాలి. అది అందరి ముందు ఇచ్చే మాట. కడుపు మండుతున్నవాడు కూలి ఇచ్చే చేతిని చూసి అవును అంటే అది అతని మాట కాదు, ఆకలి పలికించిన మాట. ఒట్టు పెట్టాల్సిన పని లేకుండానే మనిషి మాట నిలబడాలని యేసు కొండమీద ప్రసంగంలో బోధించాడు. అలాంటి మాటని కూలికి బదులుగా తీసుకోవడానికి క్లౌ ఒప్పుకోలేదు.

ఇది తేలికైన నిర్ణయం కాదు. ఆయన ఇంత దూరం వచ్చిందే అందుకోసం. ఆపేద్దామనుకున్న మిషన్‌కి ఆ అంకెలు ఎంత అవసరమో! పైగా ఆకలితో, కలరాతో జనం రాలిపోతున్న కాలం. అడిగినవాళ్ళు రేపు ఉంటారో లేదో తెలియదు. అందుకే ఆ ఏడాది ఆయన ఎలా గడిపాడా అని నాకు అనిపిస్తుంది. అన్నం మాత్రం ఎవరికీ ఆపలేదు. కూలికి రావడానికి ఏ మతం అని అడగలేదు.

1878 మధ్యకి కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పడానికి క్రైస్తవుల్ని గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి పిలిచాడు. పిలవనివాళ్ళు కూడా వేలల్లో వచ్చారు. మాకు డబ్బు వద్దు, కష్టం చేసుకుని బతుకుతాం, బాప్తిస్మం మాత్రం కావాలి అన్నారు. అప్పుడు ఇక కాదనలేకపోయాడు. ప్రచారకులు ఎవరి ఊరి మనుషుల్ని వాళ్ళే పరీక్షించి పేర్లు రాశారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు తెలుగు ప్రచారకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా స్వయంగా ఇవ్వలేదు. మూడు రోజుల్లో 3,536 మంది. ఏడాది చివరికి 9,606.

తిండి కోసం మతం మారారు, వీళ్ళు బియ్యం క్రైస్తవులు అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినిపిస్తుంది. కరువులో వాళ్ళని బతికించినవాడి మీద కృతజ్ఞత కూడా ఆ నిర్ణయంలో ఉండే ఉంటుంది. మనసులో ఏముందో బయటివాళ్ళం చెప్పలేం. కానీ కాలువ తవ్వినన్నాళ్ళూ బాప్తిస్మం లేదు, బాప్తిస్మం మొదలయ్యేసరికి డబ్బు లేదు. ఈ వరస చూశాక ఆ మాట అనేముందు ఎవరైనా కాస్త ఆగాలి.

క్లౌ 1910 నవంబరులో అమెరికాలో చనిపోయాడు. ఆయన చెప్పగా రెండో భార్య ఎమ్మా రాసిన జీవితకథ 1914లో వచ్చింది. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి పెట్టారు.

మన వయసులో అవును అనడం చాలా ఈజీ. అవతలివాళ్ళ చేత అనిపించుకోవడం కూడా ఈజీనే. వాళ్ళకి మన అవసరం ఉన్నప్పుడు అయితే మరీనూ. నోట్స్ ఇచ్చి, డబ్బు అప్పిచ్చి, క్లబ్‌లో పోస్ట్ ఇప్పిస్తామని చెప్పి మనవైపు లాక్కుంటాం. మీరు ఏ మతమైనా సరే, అసలు మతమే లేకపోయినా సరే, ఎదుటి మనిషి కాదు అనగలిగే స్థితికి వచ్చేదాకా ఆగి, అప్పుడు అడిగి చూడండి. అతను ఏం చెప్పినా అది అతని సొంత మాట అవుతుంది.