పోస్టుమార్టం టేబుల్ నుంచి పార్లమెంటు దాకా

ఎంబీబీఎస్ చదువుతూ ఆరోగ్య విధానాల గురించి నోరు విప్పితే హాస్టల్లో ఏం వినాల్సి వస్తుందో మీకు తెలుసు. ముందు సబ్జెక్టులు పాసవ్వు, దేశాన్ని తర్వాత బాగుచేద్దువుగాని అంటారు. సాల్వడార్ అలెండే ఈ రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టారు. చిలీ అధ్యక్షుడిగా ఆయన పేరు మీరు వినే ఉంటారు. అంతకంటే చాలా ముందు ఆయనో మెడికో.

1908లో పుట్టారు. తాత డాక్టరు, సెనేటర్ కూడా. 1926లో శాంటియాగోలోని చిలీ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరారు. ముందు వైద్య విద్యార్థులకు నాయకుడయ్యారు, 1930కల్లా విద్యార్థి సమాఖ్యకు ఉపాధ్యక్షుడు. దేశంలో అప్పుడు ఇబాన్యెజ్ నియంతృత్వం. ఎదిరించినందుకు అరెస్టయ్యారు, యూనివర్సిటీ కూడా వేటు వేసింది. 1932లో మళ్లీ జైలు. తండ్రి చావుబతుకుల్లో ఉంటే చూసిరావడానికి అనుమతి తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. అయినా 1933లో పట్టా అందుకున్నారు.

పట్టా వచ్చింది గానీ ఉద్యోగం? వల్పరైసోలో పోస్టులకు అప్లై చేసిన ప్రతిసారీ రాజకీయాలే అడ్డొచ్చాయి. చివరికి ఎవరూ పెద్దగా కోరుకోని పని దొరికింది, శవపరీక్షలు. తన లెక్క ప్రకారం దాదాపు 1500 చేశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయాక లాగ్స్ చదివే డ్యూటీ. లాగ్స్ ఎంత చదివినా కోడ్‌లో తప్పు అలాగే ఉంటే రేపు మళ్లీ పడిపోతుంది కదా. ఆ తప్పు ఎక్కడుందన్నదే ఆయన పట్టుకున్న ప్రశ్న.

1939లో, ముప్పై దాటగానే ఆరోగ్య మంత్రి. అదే ఏడాది చిలీ ప్రజారోగ్యం మీద పుస్తకం రాశారు. బాలింతలు, పసిపిల్లల మరణాలు, క్షయ వగైరా లెక్కల పక్కనే కూలి రేట్లు, ఇరుకు ఇళ్లు, తిండి లెక్కలు పెట్టారు. జీతం పెరగకుండా, ఇల్లు మారకుండా మందొక్కటే రోగాన్ని ఆపదని వాదించారు. నన్నడిగితే మెడికోలు చదవాల్సింది ఆయన ఎన్నికల కథ కాదు, ఈ భాగం.

చిలీలో 1924 నుంచే కార్మికుల బీమా ఉంది. కానీ అది ప్రధానంగా కార్మికుడికే, ఇంట్లో భార్యాబిడ్డల సంగతి అంతంతమాత్రం. సెనేటర్‌గా అలెండే వెంటపడిన నేషనల్ హెల్త్ సర్వీస్ చట్టం 1952లో వచ్చింది. కార్మికుల కుటుంబాలు, నిరుపేదలు కూడా దాని కిందికి వచ్చారు. ఆయన మెడిసిన్‌లో చేరి అప్పటికి 26 ఏళ్లు!

అధ్యక్ష ఎన్నికల్లో మూడుసార్లు ఓడి 1970లో గెలిచారు. పిల్లలకు రోజుకు అర లీటరు పాలు ఆయన హామీల్లో ఒకటి. ఇదీ ఒక డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షనే. అయితే అన్నీ సవ్యంగా జరగలేదు. ధరలు చుక్కలనంటాయి, సరుకులు దొరకలేదు. 1972, 73 సమ్మెల్లో చాలామంది డాక్టర్లే ఆయనకు ఎదురు నిలిచారు. ఒకప్పుడు వాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన మనిషికి ఆ దెబ్బ ఎలా తగిలిందో ఊహించుకోండి.

1973 సెప్టెంబర్ 11న సైనిక తిరుగుబాటులో అధ్యక్ష భవనంలోనే చనిపోయారు. అది ఆత్మహత్యేనా అన్న వాదన దశాబ్దాల పాటు నడిచింది. 2011లో అవశేషాలు వెలికితీసి మళ్లీ చేసిన ఫోరెన్సిక్ పరీక్ష ఆత్మహత్యేనని తేల్చింది.

నేషనల్ హెల్త్ సర్వీస్‌ను సైనిక ప్రభుత్వం 1979లో విడగొట్టింది. 1981లో ప్రైవేటు బీమా కంపెనీలకు తలుపు తీసింది. మంచి జీతమున్నవాళ్లు ఎక్కువగా అటు వెళ్లారు, మిగతావాళ్లు ప్రభుత్వ నిధి కింద మిగిలారు. ఆ చీలిక మీద చిలీలో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.