వాద్యబృందాన్ని నడిపిన వైణికుడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. పింఛను, డి.ఎ. సంగతులు రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, సర్కారీ రేడియో కొలువులో ఉంటూనే కళాకారునిగా పేరు తెచ్చుకున్న ఒక తెలుగువారి గురించి రాస్తానన్నాను. ఆయనే ఈమని శంకరశాస్త్రిగారు. వైణికునిగా ఆయన పేరు మన తరంలో చాలామందికి తెలుసు. ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపించిన నిర్వాహకునిగా ఆయన చేసిన పని తెలిసినవారు మాత్రం తక్కువ. రేడియో వింటూ పెరిగిన మనం ఆ పనిని మరువకూడదని నా మనవి.

శాస్త్రిగారు 1922 సెప్టెంబరు 23న ద్రాక్షారామంలో జన్మించారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు పేరుమోసిన వైణికులు. ఆయనే కొడుక్కు గురువు. అలా ఇంట్లో అబ్బిన విద్యతో శాస్త్రిగారు మద్రాసు చేరి, జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు. సినిమా సంగీతమంటే పదిమంది వాద్యకారులు ఒకచోట కూర్చుని, అనుకున్న కొలతలో, అనుకున్న సమయానికి వాయించి తీరాలి. కచేరీ విద్వాంసునికి అది వేరే బడి. అక్కడి నుంచి మద్రాసు ఆకాశవాణికి, తరువాత ఢిల్లీకి వెళ్లారు.

ఢిల్లీలో ఆకాశవాణి 1952లో జాతీయ వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. దానికే వాద్యవృంద అని పేరు. లండన్‌లో బి.బి.సి. వారు 1930లోనే ఏడ్రియన్ బౌల్ట్ నాయకత్వంలో సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. మన దేశంలో ఆ బాధ్యత మొదట సితార్ విద్వాంసులు పండిట్ రవిశంకర్, కర్ణాటక సంగీతం తరఫున టి.కె. జయరామయ్యర్ వహించారు. 1956 నుంచి 1960లో కన్నుమూసే దాకా వేణువు విద్వాంసులు పన్నాలాల్ ఘోష్ కూడా ఆ బృందాన్ని నడిపారు. అలాంటివారి పీఠం మీద తరువాతి కాలంలో మన ఈమనివారు కూర్చున్నారు.

ఆ పని ఎందుకు కష్టమో చెప్పాలి. పాశ్చాత్య సంగీతంలో వేర్వేరు స్వరాలను ఒకేసారి పలికించి ఇంపు పుట్టిస్తారు. మనది ఒకే రాగధార. ఇష్టం వచ్చినట్టు స్వరాలు కలిపితే రాగం చెడిపోతుంది. పైగా మన విద్వాంసులు మనోధర్మంతో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఒక గమకాన్ని పదిమంది పది తీర్లుగా ఊపితే ఇంకేముంది? సితార్, సరోద్, వీణ, వయొలిన్, వేణువు, తబలా, మృదంగం అన్నీ ఒకే శ్రుతికి రావాలి. మెత్తగా పలికే వీణ, గట్టిగా మోగే వాద్యాల మధ్య మునిగిపోకూడదు. అందుకే ఏ పలుకు అందరూ కలిసి వాయించాలి, ఏది ఒక్కరికి విడిచిపెట్టాలి, ఏది పై స్థాయిలో, ఏది కింది స్థాయిలో అని ముందే తేల్చి రాసిపెట్టుకోవాలి. మన రాగం ఇలా కాగితం మీద ఇముడుతుందా అని సంప్రదాయజ్ఞులకు సందేహం ఉండేది. ఆ సందేహం తేలికగా తీసిపారేసేది కాదు.

మన నిర్మల్ వారికి ఒక పోలిక చెబితే సులువుగా అర్థమవుతుంది. మన నకాషీ పనివారు పొనికి కర్రతో బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో, రంపపు పొట్టుతో అతుకుతారు. రంగు వేశాక అతుకు కనిపించదు. వాద్యబృందంలో అతుకు వినిపించకూడదు. శాస్త్రిగారికి అది చేతనైంది. తీగను లాగి గాత్రంలాగా పలికించడం ఆయన వీణలో ప్రత్యేకత. ఆ పాటగుణాన్నే బృందం నుంచీ రాబట్టాలని ఆయన పాటుపడ్డారు. ఆదర్శ శిఖరారోహణం ఆయన వాద్యరచనల్లో పేరెన్నికగన్నది.

రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే జమానాలో మాకు హైదరాబాదు కేంద్రమే దిక్కు. ఆదిలాబాదు కేంద్రం 1986లో గాని రాలేదు. శనివారం రాత్రి సంగీత జాతీయ కార్యక్రమం పెడితే గరగర శబ్దాల నడుమ ఢిల్లీ సంగీతం మా ఇంటికి వచ్చేది. సంగీతం తెలియని మా నాయన కూడా వీణ వస్తే ముల్లు తిప్పనిచ్చేవారు కాదు.

1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1974లో పద్మశ్రీ శాస్త్రిగారిని వరించాయి. శిష్యుల్లో చిట్టిబాబుగారి పేరు చెబితే చాలు. 1987 డిసెంబరు 23న శాస్త్రిగారు స్వర్గస్తులైనారు. వయస్సు అరవై అయిదు.

ఒంటరిగా కూర్చుని వాయిస్తే సభంతా తనదే అయ్యే విద్వాంసుడు, తన వీణ పక్కన పెట్టి, ఇతరుల చేత వాయింపజేయడానికి ఏళ్లు ఇచ్చారు. అందులో చప్పట్లు లేవు. కార్యక్రమం చివర అనౌన్సరు పేరు చదివితే చదివినట్టు. దఫ్తర్లలో ఏళ్లకేళ్లు ఫైళ్లు నడిపిన మనకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఆయన అందుకోసం తన విద్యను తగ్గించుకోలేదు. కొలువు చేస్తూనే కచేరీలు చేశారు, శిష్యులను తయారుచేశారు.

ఆయన వీణ రికార్డులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నవి. మనుమలు, మనుమరాళ్ల చేత పెట్టించుకుని, వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.