మదనపల్లెకు వచ్చిన ఐర్లండు ఆడపడుచు

ధ్యాన పాఠము: సంఖ్యాకాండము 27:1–11



సెలోపెహాదు అను నతనికి కుమారులు లేరు. అయిదుగురు కుమార్తెలు మాత్రమే యుండిరి. తండ్రి అరణ్యములో చనిపోయిన తరువాత ఆ అక్కచెల్లెండ్రు పెద్దలందరు కూడియున్న చోటికి వచ్చి, మోషే యెదుట నిలిచి, తండ్రి భాగములో తమకును పాలు కావలెనని అడిగిరి. మోషే వారిని కసరలేదు. ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. తీర్పు వారి పక్షముననే వచ్చెను. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని వారి పేళ్లు అయిదును గ్రంథములో వ్రాయబడి నేటికిని నిలిచియున్నవి. మన స్త్రీల సమాజములలో రూతును గూర్చియు ఎస్తేరును గూర్చియు తరచుగా చెప్పుకొందుము గాని, ఈ అయిదుగురిని గూర్చి చెప్పుకొనుట తక్కువ.

పెద్దల యెదుట నిలిచి అడిగిన స్త్రీల మాట వచ్చినది గనుక, అట్లు అడిగిన మరియొక స్త్రీ కథను ఈ నెల మీకు చెప్పెదను. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. పుట్టినది ఐర్లండు దేశమున. పని మొదలు పెట్టినది మన తెలుగునాట, మదనపల్లెలో. ఆ పని ఫలము మన అనకాపల్లి వరకు వచ్చినది.

ఆమె 1878లో రాస్‌కామన్ జిల్లాలోని బాయిల్ అను చిన్న పట్టణములో పుట్టెను. ఆ జిల్లా కరవు ఎరిగిన నేల. 1845 మొదలు కొన్ని సంవత్సరములు వరుసగా బంగాళాదుంప పంట కుళ్లిపోగా ఐర్లండులో సుమారు పది లక్షల మంది చనిపోయిరి. ఇంచుమించు అంతమందియే ఓడలెక్కి పరదేశములకు పోయిరి. ఆమె పుట్టిన దినములలోనే మన రాయలసీమ ధాత కరవు నుండి తేరుకొనుచుండెను. మన విశాఖపట్టణము సీమవారు కూలికై ఓడలెక్కి రంగము పోయినట్లే, ఐర్లండు బిడ్డలు అమెరికా పోవుట ఆనాడు ఇంటింటి కథ. అయితే ఈమెను ఇల్లు విడిపించినది ఆకలి కాదు.

తండ్రి జోసెఫ్ గిలెస్పీ చిన్న నేరములు విచారించు న్యాయస్థానమున గుమాస్తా. కుటుంబము మెథడిస్టు సంఘమునకు చెందినది. బ్రిటిషు రాజరికము పట్ల విశ్వాసము గలది. ఆ తలిదండ్రులకు పదునైదుగురు బిడ్డలు. మార్గరెట్ అందరికంటె పెద్దది. పదునైదుగురు బిడ్డలున్న ఇంట పెద్ద కూతురుగా పుట్టుట యనగా ఏమియో మన తల్లులకు నేను చెప్పనక్కరలేదు. ఒక చంటిబిడ్డ చంక దిగకముందే మరియొక బిడ్డ వచ్చును. గుమాస్తా జీతముతో అంతమందికి చదువు చెప్పించుట సులభమా? ఆమె విద్యార్థి వేతనము సంపాదించి డెర్రీ పట్టణములోని బాలికల పాఠశాలలో చదివెను. తరువాత డబ్లినులో సంగీతము నేర్చి, 1902లో సంగీత పట్టభద్రురాలాయెను. ఈ సంగీతమును జ్ఞాపకముంచుకొనుడి, ముందు దీనితో పనియున్నది.

1903లో ఆమె జేమ్స్ కజిన్స్ అను కవిని వివాహమాడెను. ఆయన బెల్‌ఫాస్టువాడు, మెథడిస్టు ఇంటి బిడ్డయే. వారికి సంతానము కలుగలేదు. 1908లో ఆమె హన్నా షీహీ స్కెఫింగ్టన్ అను స్నేహితురాలితో కలిసి డబ్లినులో స్త్రీల వోటు హక్కు కొరకు ఒక సంఘము స్థాపించెను. విన్నపములు పంపిరి, సభలు జరిపిరి, పాలకులు వినలేదు. అంతట ఆమెయు ఆమె తోడివారును ప్రభుత్వ భవనముల అద్దములు పగులగొట్టిరి. 1910లో లండనులోని హాలోవే జైలులో ఒక నెల, 1913లో ఐర్లండులోని టల్లమోర్ జైలులో ఒక నెల శిక్ష అనుభవించెను. రెండవసారి, తాము దొంగలము కామని, రాజకీయ ఖైదీలుగా చూడవలెనని నిరాహారముండి ఆ కోరిక సాధించిరి. రాళ్లు రువ్వుట సరియైన మార్గమని నేను చెప్పను. అయినను న్యాయస్థానపు గుమాస్తా కూతురు అదే న్యాయస్థానముల బోనులో నిలువవలసి వచ్చినప్పుడు ఆ ఇంట ఎంత దుఃఖము, ఎంత సిగ్గు కలిగియుండునో ఆలోచించుడి.

మరియొక సంగతి దాచి వ్రాయుట సత్యము కాదు. ఆ దంపతులు తాము పుట్టి పెరిగిన సంఘమును విడిచి, అనీబిసెంటమ్మగారి దివ్యజ్ఞాన సమాజమున చేరిరి. క్రైస్తవుల కిది సంతోషకరమైన సంగతి కాదు. ఆమె మన మిషనరీ కాదు, మన సంఘ చరిత్రలో ఆమె పేరు వెదకినను దొరకదు. అయినను మేలు మన వాకిటి నుండి రాలేదని మేలు కాకపోవునా? ఇశ్రాయేలీయులు తమ దేశమునకు మరలి పోవుటకు దేవుడు పారసీక రాజైన కోరెషును వాడుకొనలేదా?

1915లో వారు మన దేశమునకు వచ్చిరి. జేమ్స్ దొరగారు మద్రాసులో బిసెంటమ్మగారి పత్రికలో పనిచేసెను. 1916లో డబ్లినులో బ్రిటిషువారిపై తిరుగుబాటు జరుగగా, ఆయన దానిని మెచ్చుకొనుచు వ్రాసెను. ఆ వ్రాతవలన పత్రికలోని ఉద్యోగము పోయినది. బిసెంటమ్మగారు ఆయనను మదనపల్లెలోని తన కళాశాలకు పంపెను. ఆ విధముగా ఐర్లండు ఆడపడుచు చిత్తూరు జిల్లా కొండల నడుమ కాపురము పెట్టెను.

కళాశాలలో ఆమెయు ఇంగ్లీషు చెప్పెను. అంతటితో ఊరకుండలేదు. ఊరి స్త్రీలను కూర్చి ఒక చిన్న సమాజము పెట్టెను. దానికి పెట్టిన పేరు అబలాభివర్ధని సమాజము. రెండుసార్లు జైలుకు పోయి వచ్చిన స్త్రీ నడుపు సమాజమునకు అబలలు అని పేరుండుట చూచి నాకు నవ్వు వచ్చినది. అయితే పెద్ద సంఘమునకు విత్తనము ఆ చిన్న కూటమే. 1917 మే నెలలో మద్రాసు అడయారులో భారత మహిళా సంఘము స్థాపింపబడెను. బిసెంటమ్మగారు అధ్యక్షురాలు, మార్గరెట్, డొరతీ జినరాజదాస అనువారు కార్యదర్శులలో నుండిరి. ఆ సంఘపు పత్రిక పేరు స్త్రీధర్మ. అందులో ఇంగ్లీషుతో పాటు తమిళము, తెలుగు వ్రాతలు కూడ వచ్చెడివి.

ఇక పెద్దల యెదుట నిలిచిన సంగతి. 1917 చివర భారతదేశ మంత్రి మాంటేగు దొరగారు రాజ్యాంగ మార్పులను గూర్చి జనుల కోరికలు వినుటకు ఈ దేశమునకు వచ్చెను. స్త్రీల విద్యను గూర్చి మనవి చేయుటకు అనుమతి కావలెనని మార్గరెట్ వ్రాసెను. రాజకీయ విషయములు తప్ప మరేమియు వినబడవని జవాబు వచ్చెను. ఆమె వెనుకకు తగ్గక, ఆలాగైతే రాజకీయ విషయమే చెప్పెదమని, పురుషులతో సమానముగా స్త్రీలకును వోటు కావలెనని మనవిలో చేర్చెను. ఆ డిసెంబరులో మద్రాసునందు స్త్రీలు బృందముగా మంత్రి యెదుటికి వెళ్లిరి. నాయకురాలు హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడుగారు. మార్గరెట్ తాను ముందు నిలువక, ఈ దేశపు స్త్రీనే ముందు నిలువనిచ్చెను.

లండనులో కూర్చున్నవారు వెంటనే సమ్మతింపలేదు. ఏ రాష్ట్రపు శాసనసభ ఇష్టము ఆ సభదే యనిరి. బ్రిటిషు పాలనలోని రాష్ట్రములన్నిటిలో మొదట 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు వోటు నిచ్చెను. విశాఖపట్టణము జిల్లా ఆనాడు మద్రాసు రాష్ట్రములోనిది. అనకాపల్లి ఆ జిల్లాలోనిది. ఆలాగున మన బెల్లపు బజారు ఊరిలోను స్త్రీ పేరు వోటర్ల పట్టికలో ఎక్కుటకు వీలు కలిగెను.

అయితే ఎవరి పేరు? ఆస్తి గలవారికి, పన్ను కట్టువారికి మాత్రమే ఆ వోటు. చెరకు తోటలో కూలి చేసి ఆదివారము గుడికి వచ్చు మన తల్లులకు సెంటు భూమి లేదు గనుక వోటు లేదు. వారి భర్తలలో అనేకులకును లేదు. సెలోపెహాదు కుమార్తెలకు పాలు దొరికినది, కాని ఆ తండ్రికి పాలు రావలసిన భూమియైన నుండెను. ఏమియు లేనివారు ఇంక ముప్పది సంవత్సరములు కాచుకొనవలసి వచ్చినది. ఈ కొరతను మరచి మార్గరెట్‌ను పొగడుట నాకు ఇష్టము లేదు. అయినను స్త్రీ యన్న కారణము చేతనే త్రోసివేయుట ఆ దినముతో మద్రాసు రాష్ట్రమున ఆగినదనుట నిజము.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగోరుగారు మదనపల్లెకు వచ్చి కళాశాలలో కొన్ని దినములు బసచేసెను. ఒక సాయంకాలపు కూటమిలో ఆయన తాను 1911 నాటికే వ్రాసిన జనగణమన పాడి వినిపించెను. ఆ రాగమునకు మార్గరెట్ స్వరములు వ్రాసెను. ఆ గీతమే 1950 జనవరి 24వ తేదీన జాతీయ గీతమాయెను. మన పల్లె బడులలో బిడ్డలు దానిని పాడునప్పుడు మదనపల్లె మాట చెప్పు ఉపాధ్యాయులు అరుదు.

1922లో ఆమె గౌరవ మేజిస్ట్రేటుగా నియమింపబడెను. ఈ దేశమున ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తండ్రి గుమాస్తాగా కూర్చున్నట్టి చిన్న న్యాయస్థానములో కూతురు తీర్పరిగా కూర్చుండెను. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ కూడుటకు పిలుపునిచ్చినదియు ఆమెయే. బాల్య వివాహములను ఆపుటకై 1929లో వచ్చిన శారదా చట్టము కొరకు ఆ సభవారు బహుగా పాటుపడిరి.

1932 డిసెంబరులో, మాటలాడు స్వేచ్ఛను అణచు ప్రభుత్వపు శాసనములకు విరోధముగా మద్రాసులో ప్రసంగించినందున ఆమెను పట్టుకొనిరి. మంచి నడవడికి జామీను వ్రాసియిచ్చిన విడిచెదమనిరి. ఆమె వ్రాసియియ్యలేదు. ఒక సంవత్సరము శిక్ష వేసి వేలూరు జైలుకు పంపిరి. మేజిస్ట్రేటుగా కూర్చున్న స్త్రీ మరల ఖైదీ యాయెను. ఇది మూడవ జైలు.

1940 తరువాతి సంవత్సరములలో పక్షవాతము వచ్చి ఆమె మంచము పట్టెను. చేతిలో డబ్బు లేదు. 1949లో మద్రాసు ప్రభుత్వము, తరువాత నెహ్రూగారు ఆమెకు ధనసహాయము చేసిరి. 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, భూమి యున్నను లేకున్నను ఇరువదియొక యేండ్లు నిండిన ప్రతి స్త్రీకి వోటు వచ్చెను. అయితే ఉత్తర దేశమున సుమారు 28 లక్షల స్త్రీల పేళ్లను పట్టిక నుండి కొట్టివేయవలసి వచ్చెను. వారు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యను, ఫలానివాని కూతురను అని మాత్రమే చెప్పియుండిరి. మార్గరెట్ ఆనాటికి లేవలేని స్థితిలో నుండెను.

1954 మార్చి 11వ తేదీన ఆమె చనిపోయెను. జేమ్స్ దొరగారు రెండేండ్లు ఒంటరిగా బ్రతికి, 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూసెను.