కొండలను గెలిచి.. దోమకు లొంగి!

ప్రపంచ సైక్లింగ్‌లో మేటిగా పేరొందిన ఇటలీ క్రీడాకారుడు ఫాస్టో కోపీ 1960 జనవరి 2న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 40 ఏళ్లే. ఆయనను బలిగొన్నది అప్పటికే మందు ఉన్న జబ్బు, మలేరియా.

1919 సెప్టెంబరు 15న పీడ్‌మాంట్ ప్రాంతంలోని కస్తెల్లానియా అనే కుగ్రామంలో, రైతు కుటుంబంలో కోపీ జన్మించారు. చిన్న వయసులోనే నోవి లీగురే పట్టణంలోని మాంసం దుకాణంలో పనికి కుదిరి, సైకిల్‌పై సరకు చేరవేసేవారు. కండరాలను మర్దించడంలో దిట్టయైన అంధుడు బియాజో కవాన్నా ఆయనను పోటీదారుగా తీర్చిదిద్దారు.

1940లో ప్రఖ్యాత క్రీడాకారుడు జీనో బార్తాలి జట్టులో సహాయకుడిగా చేరారు. నాయకుడు కిందపడి వెనుకబడగా, ఇరవై ఏళ్ల కోపీ ఇటలీ యాత్రా పోటీ ‘జిరో’ను గెలిచారు. పోటీ ముగిసిన మర్నాడే ఇటలీ యుద్ధంలోకి దిగింది. 1942లో మిలాన్‌లో గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 1956 వరకు నిలిచింది. 1943లో ట్యునీషియాలో ఆయన బ్రిటిష్ సేనలకు బందీగా చిక్కారు. క్రీడాకారునికి అత్యంత విలువైన ఏళ్లు అలా కరిగిపోయాయి.

అయినా 1949 ఆయనదే. ఆ ఏటి జిరోలో కూనియో నుంచి పినెరోలో వరకు 254 కిలోమీటర్ల దశలో అయిదు ఆల్ప్స్ కనుమలు దాటాలి. గమ్యానికి ఇంకా 192 కిలోమీటర్లు ఉండగానే కోపీ ఒంటరిగా ముందుకు దూసుకుపోయారు. రెండో స్థానంలో వచ్చిన బార్తాలి దాదాపు 12 నిమిషాలు వెనుకబడ్డారు. సైకిల్ పోటీల్లో దీనికి సాటి మరొకటి చూపడం కష్టమే. అదే ఏడాది ఫ్రాన్స్ యాత్రా పోటీనీ గెలిచి, ఒకే ఏట రెండూ సాధించిన తొలి వీరుడయ్యారు. 1952లోనూ ఆ ఘనతను పునరావృతం చేశారు. నడుమ 1951లో, పోటీలో కిందపడిన తమ్ముడు సెర్సే మరణం ఆయనను కుంగదీసింది. మొత్తం అయిదు జిరోలు ఆయన ఖాతాలో చేరాయి.

1959 డిసెంబరులో నేటి బుర్కినా ఫాసోలో పోటీకీ వేటకూ వెళ్లి, జ్వరంతో తిరిగివచ్చారు. వెంట వెళ్లిన ఫ్రెంచి మిత్రుడు రఫాయెల్ జెమినియానీకీ అదే జ్వరం సోకింది. ఫ్రాన్సు వైద్యులు మలేరియాగా గుర్తించి క్వినైన్ ఇవ్వడంతో ఆయన బతికారు. ఇటలీలో కోపీ జబ్బును వైద్యులు పోల్చుకోలేకపోయారు. ఈ క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనుగొన్నది 1897లోనే! ఆరు దశాబ్దాలు గడిచాక కూడా అంతటి క్రీడాకారుణ్ని కాపాడలేకపోవడం విషాదం.

కస్తెల్లానియాలో అన్నదమ్ముల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. శతజయంతి సందర్భంగా 2019లో ఆ గ్రామం పేరును కస్తెల్లానియా కోపీగా మార్చారు.