డాక్టరు విలియం కింగు దొరగారి చరిత్రము



ఏటేట మహాసభా సందర్భమున వెలువడు ఈ సంచికలో మన పెద్దల చరిత్రములను ప్రకటించుట యాచారముగా వచ్చుచున్నది. ఈ యేడు సంపాదకులు మమ్ము వ్యాసము గోరగా, మన సంఘమునకు గాని మన దేశమునకు గాని చెందని యొక మహాశయుని చరిత్రమును వ్రాయ బూనితిమి. ఇందుకు కారణము లేకపోలేదు. కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో బొగ్గుబాయి జీతముతో బిడ్డలను చదివించుకొని, పెండ్లిండ్లు చేసి, యిండ్లు కట్టుకొన్న కుటుంబములు మనలో పెక్కులు గలవు. సింగరేణి బొగ్గును శాస్త్రదృష్టితో పరీక్షించి లోకమునకు దెలిపినవారు డాక్టరు విలియం కింగు దొరగారు. అన్నము పెట్టిన చేతిని స్మరించుట మన ధర్మము గదా!

కింగుగారి తండ్రి పేరును విలియం కింగే. ఆయన ఐర్లండు దేశమున గాల్వే పట్టణపు కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యులు. జర్మనీ దేశమున నియాండరు లోయలో 1856లో దొరకిన యెముకలు మనవంటి మానవులవి కావనియు, అవి వేరొక మానవజాతివనియు 1863లో విద్వత్సభలో వాదించి, 1864లో ఆ జాతికి శాస్త్రీయనామమును ప్రకటించినవారు ఆయనయే. ఇట్టి తండ్రికి దగిన కుమారుడు మన కథానాయకుడు.

భారత భూగర్భ సర్వే 1851లో టామస్ ఓల్డ్‌హాం గారి యాధిపత్యమున నారంభమయ్యెను. కింగుగారు 1857లో అందు ప్రవేశించిరి. ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేగిన సంవత్సర మది. వారికి చెన్నపురి రాజధానిలో పని లభించెను. 1863లో రాబర్టు బ్రూసు ఫుటు గారితో గూడి మదరాసునకు వాయవ్యమున నున్న అత్తిరంపాక్కము వద్ద ఆదిమానవులు చెక్కిన రాతిపనిముట్లను కనుగొనిరి. తండ్రి యూరోపున ప్రాచీనమానవుని గూర్చి వాదించుచున్న సంవత్సరముననే కుమారుడు దక్షిణాపథమున ప్రాచీనమానవుని గొడ్డళ్లను చేతబట్టుట చిత్రము గాదా!

పిమ్మట వారు కడప, కర్నూలు సీమల శిలలను పరిశీలించి 1872లో నొక బృహద్గ్రంథమును ప్రకటించిరి. అందు శిలావర్గములకు తమ దేశపు పేర్లు పెట్టక, పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ యని మన నదుల పేర్లును కొండల పేర్లును నిలిపిరి. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము మున్నగు మన గ్రామనామములు శాస్త్రగ్రంథముల కెక్కినది వారివలననే. సంస్కృత వ్యాకరణముతో కాలము గడపిన మాకు ఈ విషయము మిక్కిలి హృద్యముగా దోచినది. ఒక వస్తువునకు తగిన పేరిడుట దానిని సగము తెలిసికొనుటయే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. భద్రాచల యాత్రకు బోవు భక్తులు ఇల్లెందు ప్రాంతమున వంటకై నల్లరాళ్లను పొయ్యిగా బేర్చగా, ఆ రాళ్లే యంటుకొని మండెనని జనశ్రుతి. కింగుగారు ఆ సీమకు వచ్చి శిలలను పరీక్షించి, బొగ్గుపొర యునికిని నిర్ధారించి, 1872లో సర్వే పత్రికలో ప్రకటించిరి. తరువాత 1886లో హైదరాబాదు (దక్కను) కంపెనీ గనుల హక్కును సంపాదించెను. 1889లో ఇల్లెందున బొగ్గు త్రవ్వకము సాగెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. క్రమముగా బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండము బొగ్గుబాయిలకు నెలవులయ్యెను.

కింగుగారు బొగ్గు దొరకినంతనే తృప్తి చెందలేదు. గోదావరి వెంట నుత్తరమునకు సాగి, కాళేశ్వర సంగమము దాటి, ప్రాణహిత తీరముల శిలలను పరిశోధించి, 1881లో ప్రాణహిత-గోదావరి లోయను గూర్చి మఱియొక గ్రంథమును ప్రకటించిరి. ఓరుగల్లు సీమలోని పాఖాల చెరువు, సుల్లవాయి, చికియాల యను పేర్లు అందు శిలలకు నామములయ్యెను. ఆదిలాబాదు సీమలోని మలేరి గ్రామమున హిస్లాపు అను మతప్రచారకుడు అంతకు బూర్వమే చేపపండ్లను, ఎముకలను సేకరించియుండెను. సిరోంచకు ఎగువన ప్రాణహిత యొడ్డున నున్న కోట గ్రామమున రాయిగా మారిన చేపలు దొరకియుండెను. ఈ రెండు తావుల పొరలను కింగుగారు కోట-మలేరి వర్గమను పేర వర్ణించిరి. ఈ పొరలన్నియు జేరిన మహావర్గమునకు మెడ్లికాటుగారు గోండుల దేశమును బట్టి గోండ్వానా యని పేరిడిరి. మన యడవిబిడ్డల పేర నేడు లోకమున నొక ప్రాచీన మహాఖండమే వ్యవహరింపబడుచున్నది.

ఆ పొరల మహిమ తరువాతి కాలమున మఱింత స్పష్టమయ్యెను. 1961 ప్రాంతమున సిరోంచ సీమలో త్రవ్విన రాక్షసిబల్లికి, రవీంద్రుని శతజయంతి స్మారకముగా, 1975లో బరాపాసారస్ టాగోరై అని నామకరణము చేసిరి. ఆదిలాబాదు సీమలోని యామన్‌పల్లి చెంత దొరకిన మఱియొక దానికి 1988లో యాదగిరిగారు ఆ గ్రామనామమునే చేర్చి పేరిడిరి. ఆ యస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిచియున్నది. అది బ్రదికిన కాలము పదునేడు కోట్ల యేండ్లకు పైమాట. మన కల్పమన్వంతరముల లెక్కలు చదివిన మాకే ఆ సంఖ్య తల తిరిగించినది.

కింగుగారు 1887లో సర్వే యధిపతులై, 1894 వఱకు ఆ పదవి నలంకరించిరి.

వారి రూప మెట్టిదో యని మాకు కుతూహలము గలిగెను. 1870 నాటి యొక ఛాయాపటము నిలిచియున్నది. అందు సర్వే ఉద్యోగులు పన్నెండుగురు గలరు. నడుమ ఓల్డ్‌హాంగారు, వారి ప్రక్కనే కింగుగారు ఆసీనులు. వెనుక నిలుచున్నవారిలో ఫుటుగారును, స్టోలిచ్కాగారును గలరు. ఈ స్టోలిచ్కా నాలుగేండ్లకే, 1874లో, హిమాలయమార్గమున అసువులు బాసెను. పటము తీసి నూటయేబదియేండ్లు దాటినను పన్నెండు పేర్లును వరుసతో నేటికిని తెలియుచున్నవి. ఎవ్వరో యొకరు పేర్లు వ్రాసి యుంచిరి గనుక గదా!

ఆ కాలమున ఛాయాపటము తీయుట సులభము గాదు. గాజుపలకకు మందు పూసి, తడి యారకముందే పటము దీసి, చీకటి గుడారమున కడుగవలెను. కావున నాటి సర్వే గ్రంథములలో చేతిగీతలును, రంగుల దేశపటములునే యధికము. ఎండుపలకలు వాడుకలోనికి వచ్చిన పిదప పని సులువయ్యెను. 1889లో ఇంగ్లండున బ్రిటిషు విజ్ఞానసంఘమువారు శిలల ఛాయాపటములను సేకరించుటకొక యుపసంఘము నేర్పరచి, ప్రతి పటమునకు తావు, తేది, తీసినవారి పేరు వ్రాసి భద్రపరచిరి. రాతిగనులు పూడిపోయినను, సముద్రము కట్టలను గోసివేసినను, ఆ పటములు నేటి పరిశోధకులకు సాక్ష్యము జెప్పుచున్నవి.

ఇట మా యపరాధము నొకదానిని చెప్పుకొనవలెను. మేము పనిచేసిన యొక పాఠశాల వారు విద్యార్థులను గోదావరి యొడ్డునకు విహారమునకు గొనిపోయినపుడు, ఎత్తయిన యొక యిసుకరాతి గట్టు ముందు అందఱమును నిలిచి పటము తీయించుకొంటిమి. పొరలు పొరలుగా నున్న ఆ గట్టు పటమున జక్కగా బడినది. పేర్లు వ్రాయుదునా యని యొక బాలుడడుగగా, మన మెవ్వరమో మనకు దెలియదా యని మేమే వారించితిమి. నేడు ఆ పటము మా చేతనున్నది. సగముమంది పేర్లు మఱచితిమి. అది యే తావో, యే సంవత్సరమో నిశ్చయింపజాలము. పరిశోధకున కది యక్కఱకు రాదు. ఆ బాలుని బిడ్డలకును అక్కఱకు రాదు.

ఇది మా యొక్కరి నష్టము మాత్రమే గాదు. ఉపరితల గనులవలన కొన్ని శిలలు మాయమైనవి. గోదావరిపై గట్టిన జలాశయములలో కొన్ని యొడ్లు మునిగినవి. 2016లో జిల్లాలు విభజింపబడి చిరునామాలును మారినవి. నాటి రూపము మన యిండ్లలోని పాతపెట్టెలలో, గనికార్మికుల గుంపుపటములలో, పెండ్లిపటముల వెనుకదృశ్యములలో మాత్రమే యుండవచ్చును. కింగుగారికి దారి చూపిన పల్లెవాడు, వారి గుడారము మోసిన కూలివాడు, మండు రాతిని తొలుత జూచిన యాత్రికుడు ఎవ్వరో నేడు మనకు దెలియదు. దొరగారి పేరు నిలిచినది; వారి పేరు నిలువలేదు. జ్ఞానమున భేద మున్నదో లేదో గాని, వ్రాతలో భేద మున్నది.

కావున సంఘసోదరులారా! మీ యిండ్ల పాతపటములను గోడకు వేలాడదీయుటకు ముందు, పెద్దలు బ్రదికియుండగనే వారి చెంత గూర్చుండి, ప్రతి పటము వెనుక పెన్సిలుతో నాలుగు మాటలు వ్రాయుడు: ఎవ్వరు, ఎచ్చట, ఎప్పుడు, వెనుకనున్న గట్టు లేక వాగు పేరేమి. ఈ సంచికలో నచ్చుపడు ఛాయాపటములకును అట్లే వ్రాయవలెనని సంపాదకులను ప్రార్థించుచున్నాము. మేమును మా పటమును దెచ్చి సభామంటపమున నుంచెదము. ఆ నాటి విద్యార్థులెవ్వరైన వచ్చి తమ పేరు చెప్పినచో, వ్రాసికొనుటకు పెన్సిలు మా జేబులో సిద్ధముగా నుండును.